ప్రభుత్వ ఒప్పందాలు - మానవ హక్కుల ముందస్తు పరిశీలన

(ప్రత్యేక వ్యాసం)

భవన నిర్మాణానికో, కాలువ మరమ్మతుకో, ఆసుపత్రి పారిశుద్ధ్యానికో ఒక ప్రభుత్వ శాఖ టెండరు పిలిచి, పనిని ఒక సంస్థకు అప్పగించినపుడు ఉభయుల మధ్య ఒక ఒప్పంద పత్రం రాసుకోవడం ఆనవాయితీ. ఆ పత్రంలో మొదటి పక్షం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కాదు, ఆసుపత్రి సూపరింటెండెంటూ కాదు. రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం రాష్ట్ర కార్యనిర్వాహక అధికారంతో కుదిరే ఒప్పందాలన్నీ గవర్నరు పేరిటనే వెలువడవలసి ఉన్నది. అధికారి వారి పక్షాన సంతకం మాత్రమే చేస్తారు. పురపాలక సంఘాలు, కార్పొరేషన్లు, బోర్డులు తమ సొంత పేరుతో ఒప్పందాలు చేసుకున్నప్పటికీ, 12వ అధికరణం దృష్టిలో అవి కూడా ‘రాజ్యం’ అనే నిర్వచనం కిందికే వస్తాయి. కనుక సంతకం ఎవరు చేసినా ఆ సంతకం వెంట రాజ్యాంగ బాధ్యతలన్నీ ఆ కాగితం మీదికి వస్తాయి. మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిచాకిరిని నిషేధించిన 23వ అధికరణం, 14 ఏళ్ల లోపు బాలలను ఫ్యాక్టరీల్లోను, గనుల్లోను, ప్రమాదకరమైన పనుల్లోను పెట్టరాదన్న 24వ అధికరణం వాటిలో ముఖ్యమైనవి.

అయితే పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన తరువాత, ఆ కాంట్రాక్టరు కింద ఎవరు పనిచేస్తున్నారు, వారికి ఏమి ముడుతున్నది, వారి ప్రాణానికి రక్షణ ఉన్నదా లేదా అన్నది తమకు సంబంధించిన విషయం కాదన్న భావన కార్యాలయాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ భావన చట్టరీత్యా సరికాదని దేశ సర్వోన్నత న్యాయస్థానం 1982లోనే తేల్చి చెప్పింది.

ముందస్తు పరిశీలన అంటే

ఇల్లు గాని, పొలం గాని కొనే వ్యక్తి బయానా ఇవ్వడానికి ముందు లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, రిజిస్ట్రారు కార్యాలయంలో ఇ.సి. తీయిస్తాడు, ఊళ్లో నలుగురిని విచారిస్తాడు. వ్యాపార పరిభాషలో దీనినే ‘డ్యూ డిలిజెన్స్’ అంటారు. మానవ హక్కుల ముందస్తు పరిశీలన కూడా ఈ కోవకు చెందినదే గాని ఇందులో ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. పొలం కొనేవాడు తనకు నష్టం రాకుండా చూసుకుంటాడు. ఇక్కడ చూడవలసినది కొనుగోలుదారుకు వచ్చే నష్టం కాదు. ఒప్పందంలో పేరు లేని మూడో మనిషికి, అంటే కూలీకి, పారిశుద్ధ్య కార్మికునికి, గని పక్కన ఉండే గిరిజనునికి వాటిల్లే నష్టం.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011 జూన్‌లో ఆమోదించిన వ్యాపారం-మానవ హక్కుల మార్గదర్శక సూత్రాల్లో ఈ అంశానికి ప్రముఖ స్థానం లభించింది. ప్రొఫెసర్ జాన్ రగ్గీ రూపొందించిన ఈ సూత్రాలు మొత్తం 31. హక్కులను రక్షించడం రాజ్యం విధి, వాటిని గౌరవించడం వ్యాపార సంస్థల బాధ్యత, ఉల్లంఘన జరిగినపుడు బాధితునికి పరిహారం అందాలి - ఇవి మూడు మూలస్తంభాలు. వాటిలో 4, 5, 6 సూత్రాలు ప్రత్యేకించి ప్రభుత్వాలకు ఉద్దేశించినవి. ప్రభుత్వమే నడిపే సంస్థల్లోను, ప్రభుత్వ సేవలను ప్రైవేటుకు అప్పగించిన చోట్లలోను, ప్రభుత్వం వస్తువులు, పనులు కొనుగోలు చేసే సందర్భాల్లోను హక్కుల పర్యవేక్షణ ఉండాలని అవి పేర్కొంటున్నాయి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాలు కూడా మానవ హక్కులను ఒక ప్రత్యేక సూత్రంగా చేర్చాయి. అవి వ్యాపార సంస్థలను ఉద్దేశించినవి. ప్రభుత్వ కార్యాలయాల విషయానికి వస్తే మన దేశంలో అంతర్జాతీయ సూత్రాల కన్నా ముందే, కన్నా గట్టిగా మాట్లాడింది న్యాయస్థానమే.

ఆసియా క్రీడల కూలీలు

1982 నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటి కోసం క్రీడాప్రాంగణాలు, ఫ్లైఓవర్లు, ఈత కొలను, క్రీడాకారుల నివాస సముదాయం యుద్ధ ప్రాతిపదికన నిర్మించారు. పనులు చేయించినది కేంద్ర ప్రభుత్వం, ఢిల్లీ పాలనా యంత్రాంగం, ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ. పనులు చేసినది కాంట్రాక్టర్లు. కాంట్రాక్టర్లకు కూలీలను సమకూర్చినది జమాదార్లు. ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలు పని ప్రదేశాలు తిరిగి ఇచ్చిన నివేదిక ఆధారంగా ప్రజాస్వామ్య హక్కుల సంఘం ఒకటి జస్టిస్ పి.ఎన్. భగవతికి లేఖ రాయగా, సుప్రీంకోర్టు ఆ లేఖనే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది.

అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టరు ఆ మొత్తాన్ని జమాదారుకు ఇచ్చేవాడు. జమాదారు తన కమీషన్‌గా ఒక రూపాయి మినహాయించుకొని కూలీకి 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవాడు. మహిళలకు దక్కినది 7 రూపాయలే. కాంట్రాక్టరు లెక్కల ప్రకారం వేతనం పూర్తిగా చెల్లించినట్లే, ప్రభుత్వ లెక్కల ప్రకారం బిల్లు సక్రమంగా చెల్లించినట్లే. కూలీ చేతిలో మాత్రం రూపాయి తక్కువ! ఆ రూపాయి ఏ దస్త్రంలోనూ కనిపించదు.

వీరు కాంట్రాక్టరు మనుషులు గనుక తమపై దావాకు ఆస్కారం లేదన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. ప్రధాన యజమానిగా ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోవడానికి వీలు లేదని, 17, 23, 24 అధికరణాలు ప్రైవేటు వ్యక్తులకు కూడా వర్తిస్తాయి గనుక వాటిని వారు పాటించేలా చూడటం రాజ్యానికి విధి అని 1982 సెప్టెంబరు 18 నాటి తీర్పు స్పష్టం చేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం దృష్టిలో నిర్బంధ శ్రమేనని, ఆకలి, పేదరికం చేసే నిర్బంధం కూడా నిర్బంధమేనని ఆ తీర్పు సారాంశం. నిర్మాణ రంగం బాల కార్మిక చట్టపు షెడ్యూలులో లేకపోయినా, అది ప్రమాదకరమైన పని కనుక 24వ అధికరణం నేరుగా వర్తిస్తుందని కూడా న్యాయమూర్తులు పేర్కొన్నారు. పనుల పర్యవేక్షణకు అంబుడ్స్‌మన్లను సైతం నియమించారు.

ఈ కేసును ఢిల్లీకి మాత్రమే పరిమితమైనదిగా తెలుగువారు భావించడానికి వీలు లేదు. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలోని ఆనకట్టల పని ప్రదేశాలన్నింటిలోనూ ఒకప్పుడు సుపరిచితం. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి గుంపు మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి కుటుంబాలతో సహా కూలీలను తరలించుకుపోయేవారు. అడ్వాన్సు తీరేవరకు మేస్త్రీ చెప్పినదే లెక్క. ఢిల్లీలో జమాదారు నిలుచున్న చోటనే ఇక్కడ మేస్త్రీ నిలుచున్నాడు. నేడు ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల విషయంలోనూ అడ్వాన్సు పద్ధతే సాగుతున్నది. ప్రభుత్వ భవనానికి వాడే ఇటుక గట్టిదనాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. అది ఏ బట్టీలో, ఎవరి చేత తయారైనదో అడిగే నిబంధన సాధారణంగా టెండరు పత్రంలో కనిపించదు.

ప్రధాన యజమాని

కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉన్నది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి రావడంతో ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి - 2020 వచ్చింది. దీని 55వ సెక్షన్‌లోనూ ఆ బాధ్యత యథాతథంగా కొనసాగుతున్నది. తాగునీరు, మరుగుదొడ్డి, విశ్రాంతి గది వంటి సంక్షేమ సౌకర్యాల బాధ్యతను ఈ స్మృతి ప్రధాన యజమానిపైనే ఉంచింది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. పాత కేంద్ర చట్టం 20 మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులు ఉన్న చోట వర్తించేది. కొత్త స్మృతిలోని కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది నుంచి వర్తిస్తుంది. మండల స్థాయి కార్యాలయాలు, చిన్న ఆసుపత్రులు, వసతి గృహాలు ఇచ్చే పారిశుద్ధ్య, కాపలా కాంట్రాక్టుల్లో 50 మంది ఉండటం అరుదు. అంతమాత్రాన బాధ్యత తీరిపోయినట్లు కాదు. కనీస వేతనానికి గాని, 23వ అధికరణానికి గాని ఇంతమంది ఉండాలన్న పరిమితి ఏమీ లేదు. పెద్ద ప్రాజెక్టుల కన్నా ఈ చిన్న కాంట్రాక్టుల విషయంలోనే అధికారి స్వయంగా కన్ను వేయవలసిన అవసరం ఎక్కువని చెప్పక తప్పదు.

మ్యాన్‌హోలు మూత తెరిచే ముందు

వేతనం తగ్గితే తరువాతైనా రాబట్టవచ్చు. ప్రాణం విషయంలో ఆ అవకాశం లేదు. భూగర్భ మురుగు కాలువల్లో పేరుకొనే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు ఒక దుర్గుణం ఉన్నది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. గాఢత పెరిగిన కొద్దీ వాసన పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గింది గదా అని దిగిన కార్మికుడు స్పృహ తప్పుతాడు, అతనిని పైకి లాగడానికి దిగిన రెండో వ్యక్తి కూడా అక్కడే కూలిపోతాడు. ఇటువంటి దుర్ఘటనల వార్తల్లో ఇద్దరు, ముగ్గురు ఒకేసారి మరణించినట్లు చదువుతుంటాం, కారణం ఇదే.

రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఆ నిషేధం స్థానిక సంస్థలకూ, వాటి ఏజెన్సీలకూ సమానంగా వర్తిస్తుంది. మొదటిసారి ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. తరువాతి ఉల్లంఘనలకు ఇది ఐదేళ్లకు, 5 లక్షలకు పెరుగుతుంది. 1993 నుంచి మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఆదేశించింది. ఆ ఉద్యమ సారథుల్లో ఒకరైన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన తెలుగువారు. 2023 అక్టోబరు 20న మరో తీర్పులో న్యాయస్థానం ఈ పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. శాశ్వత వైకల్యం సంభవిస్తే 20 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలన్నది.

ఈ వ్యాస విషయానికి సంబంధించినంతవరకు 2023 తీర్పులో పరిహారం కన్నా ముఖ్యమైన భాగం మరొకటి ఉన్నది. పనిని కాంట్రాక్టరుకు అప్పగించిన చోట మరణం సంభవిస్తే కాంట్రాక్టు రద్దు, ఆర్థిక జరిమానా సహా జవాబుదారీ విధానం ఉండాలని, దీనికోసం కేంద్రం ఒక నమూనా ఒప్పందాన్ని రూపొందించాలని న్యాయస్థానం ఆదేశించింది. అంటే మరణం జరిగిన తరువాత విచారించేది కోర్టు అయినా, మరణం జరగకుండా చూడవలసినది ఒప్పంద పత్రమని దాని అర్థం. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాలువల శుభ్రతను నిలిపివేయాలని కూడా సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఒప్పందం షరతులు మార్చితే పని తీరు మారుతుందనడానికి హైదరాబాద్ జలమండలి అనుభవం ఒక ఉదాహరణ. ఇరుకు సందుల్లోకి పెద్ద యంత్రాలు వెళ్లలేవన్నది మనుషులను దించడానికి సాధారణంగా చెప్పే కారణం. 2017లో జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘం సహకారంతో సందుల్లో తిరగగలిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. యంత్రాల యజమానులు దళిత వర్గాలకు చెందిన వారు. తరతరాలుగా ఆ కాలువల్లోకి దిగిన వర్గాల వారే యంత్రానికి యజమానులు కావడం ఆ ఒప్పందం సాధించిన విషయం. అంతటితో సమస్య సమసిపోలేదన్నది కూడా నిజం. ప్రైవేటు అపార్ట్‌మెంట్ల సెప్టిక్ ట్యాంకులు, సబ్ కాంట్రాక్టు పనులు ఈ ఏర్పాటుకు వెలుపలే ఉండిపోయాయి.

లీజు కూడా ఒప్పందమే

ప్రభుత్వం కొనేటప్పుడే కాదు, ఇచ్చేటప్పుడు కూడా ఈ పరిశీలన అవసరం. నాటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధించిన 1959 నాటి నిబంధనల్లో ‘వ్యక్తి’ అన్న పదం పరిధిలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, కనుక ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర సంస్థలకు లీజుకు ఇవ్వరాదని 1997 జూలైలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు వెలువరించింది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి శాశ్వత నిధిగా కేటాయించాలని సూచించింది. అంతకు ముందు సంవత్సరమే వచ్చిన పెసా చట్టం చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసును ముందుగానే పొందాలని నిర్దేశించింది. ‘ముందుగానే’ అన్న ఆ ఒక్క మాటలో ఈ వ్యాస విషయమంతా ఇమిడి ఉన్నది.

తక్కువ ధర వెనుక లెక్క

ఆచరణలో అధికారి చేయగలిగినది ఏమిటి? మొదటిది, టెండరు తెరిచిన రోజున ఒక చిన్న లెక్క వేసుకోవడం. ఒక ఆసుపత్రికి 30 మంది పారిశుద్ధ్య కార్మికులు కావాలనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి రోజు కూలి 500 రూపాయలుగా తీసుకుంటే 26 రోజులకు 13,000 రూపాయలు. భవిష్యనిధికి యజమాని వాటా, ఇతర రుసుములతో కలిపి 13 శాతం, అంటే 1,690 రూపాయలు. ఇ.ఎస్.ఐ.కి 3.25 శాతం, అంటే 422 రూపాయల 50 పైసలు. ఒక్కొక్కరికి 15,112 రూపాయల 50 పైసలు కాగా 30 మందికి నెలకు 4,53,375 రూపాయలు అవుతుంది. చేతి తొడుగులు, బూట్లు, ఫినాయిల్, కాంట్రాక్టరు లాభం ఇందులో లేనే లేవు. ఒక సంస్థ 4,20,000 రూపాయలకే చేస్తానని ముందుకు వస్తే, తగ్గిన 33,375 రూపాయలు ఎవరి జేబులో నుంచి వస్తాయో ఊహించడం కష్టం కాదు. అసాధారణంగా తక్కువగా ఉన్న టెండరు విషయంలో ధర విశ్లేషణతో కూడిన లిఖితపూర్వక వివరణ కోరవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ కొనుగోళ్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అతి తక్కువ ధరను తిరస్కరిస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న భయం అధికారుల్లో ఉండటం సహజం. పై లెక్కను దస్త్రంలో రాసి ఉంచితే ఆ భయానికి అదే సమాధానం అవుతుంది.

రెండోది బిల్లు. కార్మిక శాఖ అధికారి ఫిర్యాదు వచ్చిన తరువాతనో, తనిఖీ వంతు వచ్చినపుడో పని ప్రదేశానికి వస్తారు. ఇంజనీరు ప్రతిరోజూ అక్కడే ఉంటారు. కాంక్రీటు మందం, ఇనుము బరువు కొలతల పుస్తకంలో నమోదు కానిదే బిల్లు కదలదు. ఆ పుస్తకంలో కూలీకి మాత్రం గడి లేదు. బిల్లుతోపాటు వేతనాలు కూలీల బ్యాంకు ఖాతాల్లో జమ అయిన వివరాలు, భవిష్యనిధి చలాన్లు జతచేయాలన్న షరతు టెండరులో చేర్చితే ఆ లోటు తీరుతుంది. కాంట్రాక్టర్లు భవిష్యనిధి జమ చేస్తున్నదీ లేనిదీ ప్రధాన యజమాని భవిష్యనిధి సంస్థ పోర్టల్‌లోనే చూసుకునే వీలు కూడా ఉన్నది. చలాను కాగితం చూసి సంతృప్తి పడటం కన్నా, నలుగురు కార్మికులను పిలిచి వారి ఫోన్లలో జమ సందేశం చూపమని అడగడం మేలు. జమాదారు మినహాయించుకునే ‘రూపాయి’ అక్కడే బయటపడుతుంది.

ఇక్కడ ప్రభుత్వ పక్షాన్ని కూడా ఒక మాట అనుకోవాలి. బిల్లులు నెలల తరబడి ఆగిపోయినపుడు చిన్న కాంట్రాక్టరు మొదట నిలిపివేసేది కూలీల వేతనమే. షరతులు కఠినం చేసి, చెల్లింపులు ఆలస్యం చేస్తే ఆ భారం తిరిగి కూలీ నెత్తినే పడుతుంది. మధ్యవర్తి ఏజెన్సీలు లేకుండా పొరుగు సేవల సిబ్బందికి నేరుగా వేతనం చెల్లించే ఉద్దేశంతో ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రత్యేక కార్పొరేషన్‌ను ప్రారంభించడానికి నేపథ్యం కూడా ఏజెన్సీల కోతలు, ఆలస్యాలపై వచ్చిన ఫిర్యాదులే.

శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాల గురించి ఈ వ్యాసకర్త ఉద్యోగ ధర్మంగా అనేక ప్రకటనలు రాయడం జరిగింది. అంచనా వ్యయం, విస్తీర్ణం, ముఖ్య అతిథుల పేర్లు వాటిలో తప్పనిసరి. పనిలో ఎంతమంది కూలీలు పాల్గొన్నారన్న సంఖ్యను రాసిన సందర్భం ఒక్కటీ గుర్తుకు రావడం లేదు. ఆ సంఖ్యను ఎవరూ పంపలేదు. అడగాలని ఈ వ్యాసకర్తకూ తోచలేదు.

పౌరులకు గల అవకాశాలు

సమాచార హక్కు చట్టం - 2005 ప్రకారం టెండరు ఒప్పందం నకలు, చెల్లించిన బిల్లుల వివరాలు, ప్రధాన యజమాని వద్ద ఉన్న హాజరు, వేతన రికార్డులు ఎవరైనా కోరవచ్చు. వ్యక్తిగత ఖాతా సంఖ్యల వంటివి తొలగించి మిగిలిన సమాచారం ఇస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో రూపొందిన నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము గ్రామ స్థాయి కార్యాలయాల్లో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఇతర కార్యాలయాల్లో 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వవలసి ఉన్నది. కాగితాలు కోరడమే గాక, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కును కూడా ఈ చట్టం కల్పించింది.

వేతన బకాయిలపై కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. ప్రభుత్వ అధికారి ఉల్లంఘనకు పాల్పడినా, ఉల్లంఘనను నివారించడంలో నిర్లక్ష్యం వహించినా జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను గాని, రాష్ట్ర కమిషన్‌ను గాని ఆశ్రయించవచ్చు. జాతీయ కమిషన్‌కు తెలుగులోనే రాసి పంపవచ్చు, రుసుము లేదు. సంఘటన జరిగిన నాటి నుంచి సంవత్సరంలోగా ఫిర్యాదు చేయవలసి ఉంటుంది.